తొంభై సెంటీమీటర్ల గుమ్మం

మా పెదనాన్న అబూ సఖర్ దగ్గర ఒకే హాలుకి మూడు లెక్కలుండేవి. ఊళ్లోవాళ్లు అడిగితే "మా దీవాన్‌లో వెయ్యిమంది కూర్చోవచ్చు" అనేవాడు. వంటవాడు అడిగితే మూడొందలు. తలుపులు కొలిచే ఇంజనీరుగా నేను అడిగితే మాత్రం గొంతు తగ్గించి, "ఎంతమంది వస్తారే గైదా, మహా అయితే వందమంది. అందరూ సన్నగానే ఉంటారు" అనేవాడు.

"మనవాళ్లలో సన్నగా ఉన్నవాడు ఒక్కడి పేరు చెప్పు పెదనాన్నా."

చాలాసేపు ఆలోచించాడు. "మీ తాత" అన్నాడు చివరికి.

తాత పోయి చాలా ఏళ్లయింది. అసలు గొడవంతా ఆయన వల్లే వచ్చింది.

దీవాన్ అంటే మా మర్జానీ వంశం మొత్తానికి ఉన్న ఒకే ఒక హాలు. పెళ్లయినా, చావయినా, తగువు తీర్చుకోవాలన్నా, ఎవరైనా పిల్లనడగడానికి వచ్చినా అందరం అక్కడే చేరతాం. పాతది ఇరుకైపోయిందని, తలా కాస్త వేసుకుని సల్త్ ఊరి కొండవాలులో కొత్తది కట్టుకున్నాం. హాలు కొత్తదే గానీ గుమ్మం కొత్తది కాదు. వానలకి కూలిపోయిన తాత ఇంటి గుమ్మాన్ని రాయి రాయిగా విప్పించి, పసిపిల్లని మోసినట్టు మోయించి, ఇక్కడ నిలబెట్టించాడు పెదనాన్న. పసుపుపచ్చ రాతి కమాను అది. తాత స్వయంగా చెక్కింది. ఒకపక్క నిలువురాతి మీద, మనిషి మొహం ఎత్తున, పగిలిన దానిమ్మకాయ ఉంటుంది. అందులో కుడిపక్క గింజలున్నాయి, ఎడమపక్క బోడిగా ఉంది. చెక్కుతుంటే నాయనమ్మ అన్నానికి పిలిచిందట. తిని వచ్చి చెక్కుతానన్నాడట. తిన్నాక నిద్రొచ్చిందట. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు "రేపు చెక్కుతా" అంటూనే పోయాడు. ఆ బోడి పక్కంటేనే నాకు ఎక్కువ ఇష్టం.

ఆ గుమ్మం వెడల్పు తొంభై సెంటీమీటర్లు. ఒక మనిషి హాయిగా పడతాడు. మా పెదనాన్న కొంచెం ఊపిరి బిగబట్టి పడతాడు.

లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. హాలు ఎంత ఉందో కొలిచి, ఒక్కో మనిషికి ఎంత చోటు కావాలో దానితో భాగిస్తే జనం ఎందరో తేలుతుంది. మాది నాలుగొందలు తేలింది. తలకి అర సెంటీమీటరు చొప్పున తలుపులుండాలి, అంటే రెండు మీటర్లు. "అర సెంటీమీటరులో మనిషి ఎలా పడతాడే, చీమా ఏమన్నానా?" అని పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరూ ఒకేసారి దూరరు, ఒకరి వెనక ఒకరు సాగిపోతూ ఉంటారు, అది ప్రవాహం లెక్క అని చెప్పాను. ఇంకో మెలిక కూడా ఉంది. ఉన్న తలుపుల్లో ఒకటి మంటల్లో చిక్కుకుపోయిందనుకోవాలి. మిగిలినవాటిలోంచి కనీసం సగంమంది తేలిగ్గా బయటపడాలి.

"మన గుమ్మానికి మంట అంటుకోదు. అది రాయి" అన్నాడు పెదనాన్న.

"మనుషులు రాళ్లు కాదుగా."

"కొందరు రాళ్లే" అంటూ మా అబూ ధియాబ్ బాబాయి వైపు చూశాడు.

అగ్నిమాపక శాఖనుంచి కెప్టెన్ రాకాన్ అని ఒకాయన వచ్చాడు. కరక్ ప్రాంతం మనిషి. నవ్వడానికి కూడా పై అధికారి అనుమతి కావాలన్నట్టు ఉంటాడు. ఉక్కు టేపుతో గుమ్మం కొలిచి, "కమానుని పగలగొట్టి వెడల్పు చెయ్యండి, లేకపోతే హాలు తెరవద్దు" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. పెదనాన్న ఆ పూట అన్నం తినలేదు. ఆయన అన్నం మానడం మా వంశంలో ఎవరూ కనీవినీ ఎరగని సంగతి.

నేను రెండు రాత్రులు లెక్కలేసి కమానుని బతికించే దారి కనిపెట్టాను. హాలుకి కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి, రెండు కొత్త తలుపులు. ఒక్కోటీ తొంభై. కమానుతో కలిపితే కావలసినదానికంటే ఎక్కువే. కమాను పోయిందనుకున్నా మిగతా రెండూ చాలు. వంశమంతా నామీద విరుచుకుపడింది. మర్యాదస్తుడు వచ్చిన గుమ్మంలోంచే వెళ్తాడు గానీ పక్క తలుపులోంచి జారుకుంటాడా అన్నారు. పెదనాన్న వాటికి దొంగల తలుపులని పేరు కూడా పెట్టాడు. పెట్టినా, తండ్రి చెక్కిన రాయి కోసం గోడలు కొట్టించాడు.

కెప్టెన్ మళ్లీ వచ్చి తలుపులు తెరిపించి కొలిచాడు. కుడి తలుపు గడియ దగ్గర ఆగాడు. "ఈ గడియ రెండు సెంటీమీటర్లు తినేస్తోంది. పీకేసి ఇంకోటి పెట్టించండి."

"రెండు సెంటీమీటర్లకి ఏమవుతుంది బాబూ?" అన్నాడు పెదనాన్న.

"నలుగురు చస్తారు" అన్నాడు కెప్టెన్. గడియ మార్పించాం.

తర్వాత నాతో అన్నాడు: "ఇంజనీరమ్మా, కాగితం మీద నీ లెక్కలో తప్పులేదు. కానీ ముఖద్వారం ఇంత ఇరుగ్గా ఉన్న హాలుకి నేను కాగితం చూసి సంతకం పెట్టను. హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టండి. గంట కొడతాను. రెండున్నర నిమిషాల్లో అందరూ బయట ఉండాలి. ఉంటే మీ కమాను మీకే. లేకపోతే రాళ్లు కోసే మిషన్ తెప్పించుకోండి."

మా వాళ్లని పరీక్షకి రమ్మంటే ఒక్కడూ రాడు. అందుకని పెదనాన్న శుక్రవారం నమాజు తర్వాత మన్సఫ్ భోజనమని కబురు పెట్టాడు. పెరుగులో ఉడికిన మాంసం, దాని కింద గుట్టలా అన్నం. నాలుగొందలమందికి పదిమంది ఎక్కువే వచ్చారు. మగవాళ్లు హాలు నిండా కూర్చున్నారు, ఆడవాళ్లు కుడి వసారాలో. కెప్టెన్ గడియారం పట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. పళ్లేలు ఇలా లోపలికొచ్చాయి, ఆయన అలా గంట నొక్కాడు.

అందరూ చక్కగా లేచి చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడ్డారు.

"అది భోజనం గంట కాదర్రా, మంటల గంట! బయటికి నడవండి!" అని అరిచాడు పెదనాన్న.

"మంటలెక్కడ?" అన్నాడు అబూ ధియాబ్ బాబాయి.

"మంటల్లేవు. ఉన్నాయనుకోవాలి."

"అయితే మేం తిన్నామని కూడా అనుకోవాలా?"

చివరికి కదిలారు. నా రెండు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మగవాళ్లెవరూ వాటి మొహం చూడలేదు. హాల్లో ఉన్నవాళ్లంతా, వచ్చిన దారి కదా అని, కమాను వైపే తిరిగారు. అందరికంటే ముందు పెద్దవాళ్లిద్దరూ చేరారు అక్కడికి, పెదనాన్నా, అబూ ధియాబ్ బాబాయీను.

"ముందు నువ్వు" అన్నాడు పెదనాన్న.

"అబ్బే, నువ్వుండగా నేనా?"

"నువ్వు నాకు కుడివైపున్నావు. కుడివాడిదే హక్కు."

బాబాయి చటుక్కున పెదనాన్నకి ఎడమవైపు జరిగాడు. "ఇప్పుడు నువ్వే కుడి."

పెదనాన్న ఆయన వెనకనుంచి తిరిగి ఇంకా ఎడమకి వచ్చాడు. బాబాయి మళ్లీ తిరిగాడు. అలా ఇద్దరూ ఆ గుమ్మం ముందు గానుగెద్దుల్లా చుట్లు తిరుగుతుంటే, వెనక మగవాళ్లంతా ఓపిగ్గా నిలబడి "పెద్దల మర్యాద చూడండిరా" అని మెచ్చుకుంటున్నారు. గంట మోగుతూనే ఉంది. నా చేతిలో గడియారం పరిగెడుతోంది. నాకు ఇద్దర్నీ మెడపట్టి తోసేద్దామనిపించింది.

అప్పుడు బాబాయి పెద్ద ఒట్టే పెట్టేశాడు. "నువ్వు నాకంటే ముందు గడప దాటకపోతే నా పెళ్లానికి విడాకులే!"

"మధ్యలో నేనేం చేశానయ్యా!" అని ఆడవాళ్ల వైపునుంచి పిన్ని కేక వినిపించింది. అప్పటికే ఆడవాళ్లంతా నాయనమ్మ వెనకాల కుడి తలుపులోంచి బయటికెళ్లి, గోడ నీడలో కూర్చుని పుచ్చగింజలు కొరుకుతున్నారు. పిన్ని కిటికీలోంచి తల పెట్టి చూస్తోంది.

అంత ఒట్టు పెట్టాక పెదనాన్నకి తప్పదు. ఒక కాలు ఎత్తి గడప మీద పెట్టాడు. పెట్టి, ఎందుకో వెనక్కి చూశాడు. హాలు మధ్యలో కెప్టెన్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

కాలు వెనక్కి తీసేశాడు.

"కెప్టెన్ బాబూ, రండి. ముందు మీరు."

"నేను ఆఖర్న రావాలి. అది నియమం."

"అతిథిని లోపల వదిలేసి ఇంటివాళ్లు బయటికి పోవడమా? మా వంశంలో లేదు. మీరొస్తే గానీ ఒక్కడూ కదలడు."

"మీరంతా వెళ్తే గానీ నేను కదలను."

"సరే మరి, నా కాపురం సంగతేంటి?" అన్నాడు అబూ ధియాబ్ బాబాయి.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. మా వాళ్లయితే నిప్పు అడిగేముందు "ముందు మీరు వెలిగించుకోండి" అనేవాళ్లు. గంట ఆగిపోయింది, కెప్టెనే ఆపేశాడు. బయట నీడలోంచి నాయనమ్మ అరిచింది: "లోపల ఏం చేస్తున్నార్రా, ఇంకా కాలిపోలేదా?"

కెప్టెన్ కోప్పడలేదు. అదే భయమేసింది నాకు. "భోజనాలయ్యాక ఇంకొక్కసారి కొడతాను. అప్పుడూ ఇంతే అయితే ఆదివారం కమాను కొట్టించండి. నాకూ కష్టంగానే ఉంది. కానీ నిజంగా పొగొచ్చినరోజు మీరంతా ఈ గుమ్మం దగ్గర ఇలాగే నిలబడి ఉంటారు. ఆ శవాలు మొయ్యడం నావల్ల కాదు."

పెదనాన్న గుమ్మం దగ్గరికెళ్లి దానిమ్మకాయ మీద చెయ్యి వేశాడు, బోడిగా ఉన్న పక్క. ఆయన భుజాలు అంత వంగి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొచ్చిందంటే వెంటనే కోపం కూడా వస్తుంది.

"చూడు పెదనాన్నా, తాత రాయిని పగలగొట్టేది ఆ కెప్టెన్ కాదు, మీ మర్యాదే! ఒక్కసారి, ఒకే ఒక్కసారి మర్యాద లేకుండా నడవలేవా?"

"నడుస్తానే. నేనొక్కణ్ణీ నడుస్తా. కానీ అతిథికి వీపు చూపించి వెళ్లమంటే..." దానిమ్మ మీంచి చెయ్యి తీసేశాడు. "మీ తాత లేచొచ్చి చెంప పగలగొడతాడే."

మన్సఫ్ పళ్లేలు ఖాళీ అయ్యాయి. కెప్టెన్ ముద్ద ముట్టలేదు, డ్యూటీలో తిననన్నాడు. ఓ మూల కుర్చీలో కూర్చుని టేపు చుట్టుకుంటున్నాడు. అది చూసి పెదనాన్న ప్రాణం విలవిల్లాడింది. అంత బాధలోనూ కాఫీ కూజా పట్టుకుని ఆయన వైపు బయల్దేరాడు. "అన్నం వద్దన్నారు, కాఫీ అయినా కాదనకండి బాబూ. గుమ్మం పోతే పోయింది, ఉత్త నోటితో మాత్రం మిమ్మల్ని పంపను."

ఆ కూజా చూడగానే నాకు మా అక్క పెళ్లిమాటలు గుర్తొచ్చాయి. అబ్బాయి తరఫు పెద్ద మా పాత దీవాన్‌లో కూర్చుని, పోసిన కాఫీ ముట్టకుండా కప్పు ముందు పెట్టుకున్నాడు. కోరిక తీరుస్తామని మాటిస్తే గానీ తాగడు. అతిథి కాఫీ ముట్టకుండా లేచి వెళ్లాడంటే ఆ ఇంటికి తలవంపులు. ఆరోజు మా అక్కని ఇస్తామని చెప్పడానికి పెదనాన్న క్షణం ఆగలేదు.

పెదనాన్నకంటే ముందే కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాను. "కెప్టెన్ గారూ, మీ కరక్‌లో పిల్లనడగడానికి వెళ్తే కాఫీ ఏం చేస్తారు?"

"ముందు పెట్టుకుంటాం" అన్నాడు. "ఎందుకు?"

"మీరిప్పుడు ఆ పని చెయ్యాలి. పిల్లని అడగొద్దు. మేం బయటికి పోవాలని అడగండి."

కెప్టెన్ నావైపు చూశాడు. పై అధికారి అనుమతి లేకుండానే మీసం కింద ఏదో కదిలింది. "జనానికి ముందుగా సూచనలివ్వచ్చని నియమాల్లో ఉంది" అన్నాడు నెమ్మదిగా.

పెదనాన్న వచ్చి కాఫీ పోశాడు. మా కాఫీ కప్పుకి పిడి ఉండదు, అరచేతిలో దాగేంత ఉంటుంది. అడుగున రెండు గుక్కలు, పొగలు కక్కుతూ. కెప్టెన్ దాన్ని అందుకుని, ముట్టకుండా, ముందున్న బల్ల మీద పెట్టాడు.

పళ్లు కుట్టుకుంటున్న అబూ ధియాబ్ బాబాయి పుల్ల నోట్లోనే ఉంచేశాడు.

"నాకో కోరిక ఉంది అబూ సఖర్" అన్నాడు కెప్టెన్.

పెదనాన్న నిటారుగా నిలబడ్డాడు. వంగిన భుజాలు ఎక్కడికి పోయాయో తెలియదు. "చెప్పండి. మా తలల మీద పెట్టుకుంటాం. కాఫీ తాగండి, తీరినట్టే."

"తీరాకే తాగుతాను. గంట మోగగానే ఒక్కొక్కరూ తనకి దగ్గరున్న తలుపులోంచి పోవాలి. ముందు నువ్వు, ముందు నువ్వు అనకూడదు. నావైపు చూడకూడదు. ఆఖరి మనిషి బయట కాలు పెట్టాక ఈ కప్పు ముడతాను."

"అందాకా కాఫీ చల్లారిపోదూ!"

"అది నా చేతుల్లో లేదు. మీ కాళ్లల్లో ఉంది" అని గంట నొక్కాడు కెప్టెన్.

మర్జానీ వంశం పుట్టాక అతిథికి చల్లారిన కాఫీ ఇచ్చిన మగాడు లేడు. ఆ మాట పెదనాన్న అనలేదు, అనక్కర్లేకపోయింది. ఆయన మొహం చూస్తే చాలు.

"లేవండ్రా! కాఫీ చల్లారుతోంది!"

హాలు మొత్తం ఒక్కసారి లేచింది. కుడివాళ్లు కుడికి, ఎడమవాళ్లు ఎడమకి, మధ్యవాళ్లు కమానుకి. మోకాళ్ల నొప్పులని పెళ్లిళ్లకి కూడా లేవని ముసలాళ్లు చేతికర్రలు చంకలో పెట్టుకుని నడిచారు. నా తలుపుల్లోంచి జనం సాగిపోతుంటే, కాగితం మీద నేను గీసిన ప్రవాహం కళ్లముందు కనబడింది. తలకి అర సెంటీమీటరు. చీమలు కాదు పెదనాన్నా, చూడు.

ఎడమ తలుపు దగ్గర వరస ఒక్క క్షణం ఆగింది. అబూ ధియాబ్ బాబాయి పక్కవాడి భుజం మీద చెయ్యేసి, "ముందు..." అన్నాడు.

"ముందూ లేదు వెనకా లేదు!" పెదనాన్న గొంతు హాలు ఆ చివరినుంచి పేలింది. "కప్పుమీద పొగ తగ్గిపోతోందిరా దౌర్భాగ్యుడా, నడు!"

బాబాయి దొంగల తలుపులోంచి దొంగకంటే వేగంగా పోయాడు.

ఆఖరికి పెదనాన్న ఒక్కడు మిగిలాడు. కమాను దూరంగా ఉంది, కుడి తలుపు దగ్గరగా ఉంది. ఒకసారి తండ్రి రాయి వైపు చూశాడు. మాట ఇచ్చాడు కదా, దగ్గరున్నదాంట్లోంచే పోవాలి. అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి పక్కకి తిరిగి దూరబోయాడు. తిరగక్కర్లేకుండానే దాటేశాడు, ఎందుకంటే ఇక్కడ గడియ మార్పించాం. వెనక్కి మాత్రం చూడలేదు. అంత కష్టమైన పని ఆయన జన్మలో చేసి ఉండడు.

హాల్లో నేనూ కెప్టెనూ మిగిలాం, పని మీద ఉన్నవాళ్లం. ఆయన గడియారం ఆపి నాకు చూపించాడు. రెండు నిమిషాలు దాటింది గానీ రెండున్నర కాలేదు. నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను.

ఆయన మాత్రం కాఫీ దగ్గరికి రాలేదు. ముందు వంటింట్లోకి వెళ్లి చూశాడు. తర్వాత స్నానాల గదులు. బల్లల కింద వంగి వంగి చూశాడు, వసారా చివరిదాకా వెళ్లాడు, వెనక కొట్టు తలుపు తట్టి "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాడు. ఎవరూ లేరని పూర్తిగా రూఢి చేసుకున్నాక వచ్చి కాగితం మీద సంతకం పెట్టాడు. ఈలోగా కిటికీలన్నింటిలోనూ మా వాళ్ల మొహాలు నిండిపోయాయి. ముందు కిటికీ మొత్తం పెదనాన్నే ఉన్నాడు.

"సంతకం సరే బాబూ, కాఫీ! కాఫీ ఎలా ఉంది?"

గుమ్మం నిలిచిందో లేదో ఆయన అడగలేదు.

కెప్టెన్ కప్పు ఎత్తి తాగాడు. బయట నాలుగొందలమందికి పైగా ఊపిరి బిగబట్టారు. ఆయన మొహం చిట్లించి, నాలుక బయటపెట్టి గాలి పీల్చుకున్నాడు.

"నోరు కాలింది అబూ సఖర్!"

బయట పెద్ద కేక లేచింది. పెదనాన్న అబూ ధియాబ్ బాబాయిని గట్టిగా కావలించుకున్నాడు. "నా కాపురం సంగతి ఎవడూ తేల్చలేదురా!" అని ఆయన గొణుగుతుంటే, "నీకంటే ముందు గడప దాటలేదు కదా, వెళ్లి ఇమామ్‌ని అడుగు" అని నవ్వాడు. తర్వాత గుమ్మం దగ్గరికెళ్లి, బయటినుంచి ఆ బోడి దానిమ్మ మీద నుదురు ఆనించి, దాచుకోకుండా ఏడ్చాడు.

ఇక చాలన్నట్టు కప్పు ఆడించి నా చేతికిచ్చాడు కెప్టెన్. పట్టుకున్నాను. అది బావినీళ్లంత చల్లగా ఉంది.

ఆయన మొహం చూశాను. గడియకున్న రెండు సెంటీమీటర్లు కూడా వదలని మనిషి. ఆయన టేపు జేబులో పెట్టుకుంటూ, కిటికీ అవతల ఏడుస్తున్న పెదనాన్న వైపు చూసి, "రిపోర్టులో కాఫీకి గడి లేదులే" అన్నాడు మెల్లగా.

ఆ కప్పు నేనే తీసుకెళ్లి కడిగాను.